మడుగును బురద చేసిందెవరు?

అనగనగా ఒక అడవి. ఎండాకాలంలో ఆ అడవి మొత్తానికీ ఒకటే మడుగు. పిల్లలూ, ఆ నీళ్లు రోజూ పొద్దెక్కేసరికి బురదైపోయేవి.

"ఇంకెవరు, పందులే" అన్నాయి జంతువులన్నీ. కళ్లారా చూసినవాళ్లు ఒక్కరూ లేరు. తెలియనివాళ్లూ ఒక్కరూ లేరు. అదీ తమాషా.

సింహం రాజుగారికి ఒళ్లు మండింది. "మూడు రోజుల్లో సంగతి తేల్చండి. పందులే అయితే అడవి విడిచి పోవాలి" అన్నాడు.

పందమ్మకు అయిదుగురు పసిపిల్లలు. మండుటెండల్లో వాళ్లకు వేరే నీళ్లెక్కడ దొరుకుతాయి? 

మొదటి రోజు కాకి బయల్దేరింది. మేనత్తను అడిగింది, పెదనాన్నను అడిగింది, బావమరిదిని అడిగింది. "మహారాజా, అడవంతా పందులే అంటోంది" అని చెప్పింది. దాని చుట్టాలే దానికి అడవన్నమాట.

రెండో రోజు నెమలి వంతు. అది మడుగు దాకా కూడా వెళ్లలేదు. "ఆ మూతులు చూస్తే తెలియడం లేదా, మహారాజా?" అంది.

మూడో రోజు సాయంత్రం తాబేలు తాత మెల్లగా వచ్చాడు. "మహారాజా, మూడు రోజులూ మడుగు ఒడ్డునే కూర్చున్నాను. ఎవరొచ్చినా ఒక గీత గీశాను. నాకు నచ్చినవాళ్లకూ గీతే, గిట్టనివాళ్లకూ గీతే" అన్నాడు.

"ఏం తేలింది?"

"నీళ్లు బురదయ్యేది పొద్దున్నే. పందులొచ్చేది మధ్యాహ్నం. పందులు రాకముందే తాగేద్దామని అందరూ ఒకేసారి ఎగబడుతున్నారు. ఆ తొక్కిసలాటకే బురద. మూడు రోజులూ ఇదే వరస."

"ముందు దోషి పేరు చెప్పు" అన్నాడు రాజు.

"ఒక్క పేరు లేదు మహారాజా. జింకలూ ఉన్నాయి, ఏనుగులూ ఉన్నాయి. మా ఆవిడైతే డిప్పతో అందరినీ తోసేస్తోంది."

"సొంత పెళ్లాం మీదే చెబుతావా తాతా?" అంది కాకి.

"చూసింది చూసినట్టు చెప్పాలి కదమ్మా. ఇంకో మాట మహారాజా. ఆ బురదలో చేటంత పంజా గుర్తులు కూడా ఉన్నాయి."

రాజుగారు పంజాలు మెల్లగా కడుపు కిందికి లాక్కున్నాడు. "సరే, రేపటి నుంచి అందరూ వరసలో తాగాలి. పందమ్మా, నువ్వు ఎక్కడికీ పోనక్కర్లేదు" అన్నాడు.

పందమ్మ చేతులు కట్టుకుని, "అయ్యా, ఇన్నాళ్లూ చివర్న వచ్చి మీరు చేసిన బురదే తాగాం. రేపు ఒక్కరోజు మా పిల్లలు ముందు తాగొచ్చా?" అంది.

అందరూ సిగ్గుపడుతూ సరేనన్నారు.

మర్నాడు పొద్దున్నే అయిదు పిల్లలూ మడుగులోకి వంగాయి. నీళ్లు తేటగా ఉన్నాయి. అన్నిటికన్నా చిన్నది చాలాసేపు అందులోకి చూసింది. తర్వాత నెమలి వైపు తిరిగి, "మా మూతులు బాగానే ఉన్నాయే అత్తా" అంది.

నీతి: నలుగురూ అన్నంత మాత్రాన నిజమైపోదు. ఆ నలుగురూ కలిసి ఏం చేస్తున్నారో, మనవాళ్లనీ పరాయివాళ్లనీ తేడా లేకుండా ఓపిగ్గా చూస్తేనే నిజం తెలుస్తుంది. పెద్దలు సమాజశాస్త్రం అని పేరు పెట్టుకున్నది ఈ చూపుకే.