గోడ మీది వరద గీతలు

ఆ రాజ్యంలో ఏటా ధాన్యం కడితే, వరదకు కూలిన ఇంటిని రాజే కట్టించేవాడు. ఇంటికున్న వరద ముప్పును బట్టి ఎవరెంత కట్టాలో ఆస్థాన గణకుడు రహస్యంగా లెక్కవేసి చెప్పేవాడు. ఏటి ఒడ్డున ఒంటరిగా ఉండే నూకాలును ఈసారి ఇరవై బస్తాలు కట్టమన్నాడు. కట్టలేకపోతే ఇల్లు వదలాలి.

"ఆ లెక్క మాకూ చూపించమనండి, ప్రభూ!" అని సభలో అడిగింది నూకాలు.

"ఆడదానివి, నీకేం అర్థమవుతుంది?" అని నవ్వాడు గణకుడు.

"నిజమే బాబయ్యా. పోనీ, ఆ మధ్య వచ్చిన పెద్ద వరద మా ఇంట్లో ఎంత ఎత్తుకొచ్చిందో ఆ లెక్కతోనే చెప్పండి."

గణకుడు తాళపత్రాలు తిరగేసి, "దూలం దాకా!" అన్నాడు.

రాజు స్వయంగా వెళ్లి చూశాడు. నూకాలు మొగుడు బతికుండగా ఏ వరదకా వరద బొగ్గుతో గోడ మీద గీతలు గీసి పెట్టాడు. అన్నిటికన్నా పై గీత ఆ పెద్ద వరదదే; అదీ మోకాలు దాటలేదు.

"ఈ ఇరవై బస్తాలు రద్దు. ఇకమీదట ప్రతి లెక్కనూ ముందు గోడలతో సరిచూడండి" అన్నాడు రాజు.

అందరూ వెళ్లిపోయాక, చెరిగిపోతుందేమోనని మెల్లగా ఆ గీతను తడిమింది నూకాలు.

"ఇల్లు దక్కింది మావా" అంది. "నువ్వే దక్కలేదు."