నలభై మూడు దండాలు

“మాస్టారూ, వీళ్లకి ఇక వచ్చేసినట్టేనా?” అని అడిగాడు తవిటినాయుడు, దిద్దిన కాగితాల కట్ట బల్లమీద పెడుతూ.

సన్యాసిరావు మాస్టారు ఆ ఊరి గ్రంథాలయంలో రెండేళ్లుగా పెద్దవాళ్లకి ఫోను చదువు చెప్పిస్తున్నారు. ఫోనులో వచ్చినదాన్ని ఎలా చదవాలి, ఏది నమ్మాలి, ఏది నమ్మకూడదు, అదీ చదువు. తవిటినాయుడు ఆయన శిష్యుడు. ఆయనకి చూపు మందగించాక పాఠం తనే చెబుతున్నాడు. పరీక్ష కూడా అతను తయారుచేసిందే. మొత్తం ఇరవై ప్రశ్నలు. ఎప్పటిదో ఫొటోని నిన్నటిదని పంపితే ఎలా పట్టుకుంటావు, డాక్టరు చెప్పాడన్న మాట నిజంగా డాక్టరుదేనా అని ఎక్కడ చూసుకుంటావు, ఇలాంటివి. మొదటిసారి పెట్టినప్పుడు ఆరు మార్కులు దాటినవాళ్లు లేరు. మూడు నెలల తర్వాత అదే పరీక్ష పెడితే పదిహేడుకి తగ్గినవాళ్లు లేరు. నాయుడికి ఏనుగెక్కినంత సంబరంగా ఉంది. ఉండదా మరి, ముప్పై ఏళ్ల వయసులో నలుగురి చేత గురువుగారనిపించుకుంటున్నవాడికి.

మాస్టారికి అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పే అలవాటు లేదు. “అందరికన్నా ఎక్కువ ఎవరికొచ్చాయి?” అన్నారు.

“పారమ్మకండి, దర్జీ సింహాచలం భార్యకి. ఇరవైకి ఇరవై.”

“పరీక్ష రాశాక మూడు వారాల నుంచీ కనబడ్డం లేదు కదూ ఆవిడ. చూసొద్దాం పద.”

నేనడిగిందేమిటి, ఈయన చెప్పేదేమిటి అని లోపల విసుక్కున్నాడు నాయుడు. అయినా చెప్పులేసుకుని, మాస్టారి చెయ్యి పట్టుకుని బయల్దేరాడు.

పారమ్మ ఇంట్లో కుట్టుమిషను మీద పాత చీర కప్పి ఉంది. పక్కన మంచం మీద సింహాచలం కూర్చుని ఉన్నాడు. అతని కుడికాలు మోకాలి కిందకి లేదు, కట్టు కట్టి ఉంది. వాళ్లు విశాఖపట్నం ఆసుపత్రి నుంచి వచ్చింది ముందురోజు సాయంత్రమే. ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. నాయుడు గుమ్మంలోనే ఆగిపోయాడు.

“ఏం జరిగిందమ్మా?” అన్నారు మాస్టారు.

పారమ్మ ఏడవలేదు. ఏడవడం ఎప్పుడో అయిపోయినట్టుంది. ఆయనకి సుగరు, కాలికి పుండు, మాత్రలు మింగుతుంటే నెమ్మదిగా మానుతోందని చెప్పింది. అంతలో ఊరి సంఘం గ్రూపులో పెద్దాయన చిన్నంనాయుడుగారు ఒక మెసేజీ పెట్టారట. మాత్రలు ఆపేసి నలభై రోజులు ఏదో ఆకు పసరు తాగితే సుగరూ పోతుంది, పుండూ మానిపోతుంది అని.

“నాకు అనుమానం రాకపోలేదు మాస్టారూ. ఈ బాబు సెప్పినవన్నీ గుర్తే. డాక్టరు పేరు లేదు, ఆసుపత్రి పేరు లేదు. ఈయన తాగుతానంటే ఆగమన్నాను. అనుమానమొస్తే తెలిసినోళ్లని అడగమన్నారు గదా, బాబునే అడుగుదామని ఫోను తీశాను.” కొంగు వేలికి చుట్టుకుంది. “తీస్తే, ఆ మెసేజీ కింద నలభై మూడు దండాలున్నాయి. ఎవరెవరివా అని సూశాను. అందులో బాబుదీ ఉంది. బాబు సదివే పెట్టుంటారు, మళ్లీ అడగడమెందుకులే అని నానే పసరు నూరాను.”

నాయుడి చెయ్యి జేబులో ఫోను మీదికి వెళ్లింది.

ఆ ఊళ్లో అదొక మర్యాద. గ్రూపులో పెద్దవాళ్లు ఏది పెట్టినా, పొద్దుటి పువ్వుల బొమ్మ కానీ, దేవుడి పటం కానీ, చావు కబురు కానీ, కింద రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాలి. పెట్టకపోతే సాయంత్రం టీకొట్టు దగ్గర చిన్నంనాయుడుగారు, “ఏం నాయనా, మా మాటలు కంటికి ఆనడం లేదా?” అని నలుగురిలో అడుగుతారు. అందుకని చదవడం ఒక పని, దండం పెట్టడం ఇంకో పని. ఆ రోజు నాయుడు బస్సు కోసం నిలబడి తొమ్మిది మెసేజీలకి వరసగా దండాలు పెట్టాడు. అందులో ఒక్కటీ చదవలేదు.

ఫోను తీసి చూశాడు. మెసేజీ ఉంది. నలభై మూడు కాస్తా అరవై ఒకటయ్యాయి. తనది పైవరసలోనే ఉంది. ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

“పారమ్మా, నేను…” అన్నాడు.

“బాబునేటీ అనకే,” అన్నాడు సింహాచలం భార్యతో, ఆమె ఏమీ అనకపోయినా. “తాగింది నాను. ఎడంకాలితో తొక్కడం అలవాటు సేసుకుంటాను, అంతే గదా.” ఆ మాట అంటూ మిషను వైపు చూశాడు. అందరూ అటే చూశారు.

తిరిగి వచ్చేటప్పుడు నాయుడు దారంతా కళ్లు తుడుచుకుంటూనే నడిచాడు. సిగ్గు ఒకవైపు, బాధ ఒకవైపు కమ్ముకొచ్చాయి. ఆవిడ తిట్టినా బాగుండేదనిపించింది. గ్రంథాలయం మెట్ల దగ్గరికి వచ్చాక, “పరీక్షలో ఇంకో ప్రశ్న చేర్చాలండి,” అన్నాడు. “ఎంతమంది దండాలు పెడితే మాత్రం అది నిజమవుతుందా అని. రేపే చేరుస్తాను. పాఠం కూడా మొదటినుంచీ మళ్లీ చెబుతాను.”

“చేర్చు. మంచి ప్రశ్నే,” అన్నారు మాస్టారు. మెట్టు వెతుక్కుని ఎక్కి, గోడ పట్టుకుని నిలబడి ఇటు తిరిగారు.

“ఆ దండం ఇంకా అక్కడే ఉందా, నాయనా?”