గ్రంథాలయం మిద్దె

చిన్న కథే. మా ఊరి గ్రంథాలయం కూలిపోకుండా ఆపే ఉపాయం చెప్పమని కోదండపాణి తన గురువుగారి కాళ్ళు పట్టుకున్నాడు. అంతే.

అయితే ముందు ఆ హాలు సంగతి చెప్పాలి. కట్టింది ఆ గురువుగారే, మేస్త్రి అచ్యుతరామయ్య గారు. కిటికీలు కూర్చున్నవాడి తలకన్నా పైన పెట్టించారు. గాలి ఆడుతుంది, చేతిలో పేపరు మాత్రం ఎగరదు. దీనివల్ల బాగా లాభపడింది గవర్రాజు గారు. ఆయన చదివేది మరణవార్తలే. తెలిసినవాళ్ళు ఎవరూ కనపడకపోతే మొహం వేలాడేసుకుని ఇంటికెళ్తారు. మా సర్పంచి గారు కూడా ఆ హాలంటే ప్రాణం పెడతానంటారు. లోపలికి అడుగు పెట్టగా మాత్రం నేను చూడలేదు.

పైకప్పు మిద్దె. టేకు దూలాల మీద ఇటుకలు పేర్చి, కరక్కాయ నీళ్ళు కలిపిన సున్నం పోసి, ఆడవాళ్ళు వరసగా కూర్చుని చెక్కలతో కొట్టి గట్టిపరిచారు. ఏటా వేసవిలో దానికి సున్నం పూత వేయాలి. మెట్లెక్కే ఓపిక పోయాక గురువుగారు ఆ పని పాణికి అప్పగించారు. శిష్యులందరిలో ఆయనకి అతని మీదే గురి.

ఏటేటా ఈ పూత గొడవ ఎందుకని పాణి ఒక వేసవిలో మిద్దెంతా సిమెంటు వేయించాడు. గురువుగారికి చెప్పలేదు. ఆ వానాకాలం చుక్క కారలేదు. గురువుని మించాడురా అని ఊరంతా అన్నాం. పాణి కాదనలేదు.

సున్నం తాగిన తడిని ఎండకి వదిలేస్తుంది. సిమెంటు వదలనివ్వలేదు. కొన్నేళ్ళకి గవర్రాజు గారి పేపరు మీద దూలాల్లోంచి చెక్కపొట్టు రాలడం మొదలైంది.

గురువుగారు రిక్షాలో వచ్చారు. పాణిని నిచ్చెన ఎక్కించి, విరిగిన గొడుగు ఊచ ఒకటి చేతికిచ్చారు.

"దూలం గోడలోకి దిగేచోట గుచ్చు."

ఊచ మొదలంటా దిగిపోయింది.

"పక్కది."

అదీ అంతే.

"దాని పక్కది."

పాణి గుచ్చలేదు. నిచ్చెన మీదే నుదురు ఆనించి నిలబడ్డాడు.

"దూలాలు మార్చేస్తే, గురువుగారూ?"

గురువుగారు గోడకి అరచెయ్యి ఆనించి తీశారు. గార ఊడి చేతికొచ్చింది. తడి గోడల్లోకీ దిగింది.

"ఇంకేం ఉపాయం లేదా?"

"లేదు నాయనా."

"అంత మాట అనేస్తే ఎలాగండీ రామయ్యగారూ?" అన్నారు గవర్రాజు గారు కుర్చీలోంచి లేవకుండా. "నేనెక్కడ చదువుకోను?"

"ముందు మీరు బయటికి రండి. లేకపోతే రేపటి పేపర్లో మీ పేరే చదవాల్సొస్తుంది."

గవర్రాజు గారు ఎన్నడూ లేనంత చురుగ్గా బయటికొచ్చారు.

పాణి నిచ్చెన దిగి కింద కూలబడ్డాడు. "మీరు కట్టినదాన్ని నా చేతులతో చంపేశాను. తిట్టండి, కొట్టండి. ఏదో ఒకటి చెయ్యండి."

గురువుగారు సంచిలోంచి తన ఉలి, సుత్తి తీసి అతని ఒళ్ళో పెట్టారు.

"ఎవరి మీదా పడకముందే దింపెయ్యి."

"నేనా?"

"నువ్వే."

పాణి ఉలి చేతిలోకి తీసుకున్నాడు. "ఎక్కడ మొదలుపెట్టను?"

"అన్నిటికన్నా చివర పెట్టినదాని దగ్గర."

పాణి మిద్దె మెట్ల దగ్గర ఆగాడు. మా వంక చూశాడు. మించాడురా అన్నవాళ్ళమంతా అక్కడే ఉన్నాం, అందరం ఎటో చూస్తున్నాం. పైకెళ్ళాడు. సిమెంటు మీద మొదటి దెబ్బ వినపడింది.

గురువుగారు రోజూ వచ్చి ఎదురుగా కూర్చుని చూశారు. పునాది కనపడ్డ రోజున లేచి వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు.

ఇటుకలు విరగకుండా దొంతులు పెట్టి ఉన్నాయి. పాణి వాటితోనే అంతకన్నా గొప్ప హాలు లేపుతాడని అందరం అనుకున్నాం.

లేపలేదు. ఇప్పుడతను చుట్టుపక్కల ఊళ్ళల్లో పాత ఇళ్ళు దింపుతాడు. బాగా దింపుతాడని పేరు.