గోరింటాకు పెట్టిన లాప్‌టాప్

నేనింతకుముందెప్పుడూ ఏమీ రాయలేదు. సిగ్గుగానే ఉంది, అయినా నవ్వుకునే కథ కదా అని మొదలెట్టాను.

మండపేటలో మంగతాయారు గారిల్లంటే తెలివికి పెట్టింది పేరు. ఆ పేరు పెట్టింది కూడా మంగతాయారే.

ఆవిడ కోడలు నాగసుధకి ఇంట్లోనే కూర్చుని ఫోన్లలో మాట్లాడే ఉద్యోగం. ఆఫీసువాళ్ళు ఆమె లాప్‌టాప్‌లో ఇంట్లో చప్పుడు కొలిచే సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టారు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే తెరమీద గీత పచ్చగా ఉంటుంది. గోలయితే ఎర్రబడుతుంది.

"అత్తయ్యా, రేప్పొద్దున మేనేజరుగారు చూస్తారట. ఎరుపు కనబడిందా, నా ఉద్యోగం పోయినట్టే. ఇంట్లో చప్పుడు వినపడకూడదట" అంది కోడలు బిక్కమొహంతో.

"ఓస్, అంతేనా!" అని మంగతాయారు దూది తెచ్చి మొగుడు వీర్రాజు చెవుల్లో కుక్కింది. కొడుకు చెవుల్లో కుక్కింది. తనూ కుక్కుకుంది. అంతే, ఇల్లంతా నిశ్శబ్దం.

"ఏమన్నా వినపడుతోందా?" అని అరిచింది.

"ఏంటీ?" అని వీర్రాజు ఇంకా గట్టిగా అరిచాడు.

ఇంకేముంది, గీత ఎర్రబడింది.

ఇదంతా వంటింట్లో తిరుగుతున్న మిక్సీ పనేనని, పచ్చడి నలుగుతుండగానే దానికి బొంత చుట్టారు. బొంతలోంచి పొగొచ్చింది. పొగకి చప్పుడుండదు కదా అని ఊరుకున్నారు. బొంత అంటుకుంది. కొడుకు వీధిలోకి పరిగెత్తి, "చప్పుడు చెయ్యకుండా వచ్చి మంటార్పండహో!" అని పళ్ళెం వాయించాడు. వీధి వీధంతా బిందెలతో దిగింది. గీత ఎర్రగా తెర అంచుదాకా లేచింది.

కోడలు బావురుమంది. మంగతాయారు దూది తీసి ఓదార్చింది.

"పిచ్చిమొహమా, పచ్చగా ఉంటే చాలు కదా!"

పెరట్లో గోరింటాకు కోసి, మెత్తగా నూరి, తెరమీద గీత ఉన్నచోట దట్టంగా పట్టించింది. అంతే, పచ్చటి గీత!

మర్నాడు పొద్దున్నే దాన్ని గీకి తీసి, తన చేతులు చూసుకుని మురిసిపోయింది. "చూశావుటే, ఎరుపంతా నాకు దిగిపోయింది!"

అందరూ మళ్ళీ దూది పెట్టుకున్నారు. ఎందుకైనా మంచిదని ఈసారి కోడలూ పెట్టుకుంది. మేనేజరు తెరమీదికొచ్చాడు. మంగతాయారు రెండు అరచేతులూ ఆయన మొహమ్మీదికి చాపి, "బాబూ, మీ ఎరుపు మొత్తం లాగేశాను, చూసుకోండి!" అని కేకేసింది.

మేనేజరు చాలాసేపు ఏదో చెప్పాడు. ఉద్యోగం తీసేశామనే చెప్పాడు. దూది మంచిరకం, ఎవరికీ ఒక్క ముక్క వినపడలేదు. కోడలు నవ్వుతూ దణ్ణం పెట్టింది.

తెర మూల మాత్రం గీత ఎర్రగానే ఉంది.

"ఇంకా కాస్త మిగిలింది" అని మంగతాయారు బుట్ట తీసుకుని, గోరింటాకు కోయడానికి పెరట్లోకి వెళ్ళింది.