అరిసెల ముహూర్తం

సముద్రం ఒడ్డున సరుగుడు తోపులో ఉండే పరమేశ స్వామికి ఒక అలవాటు. ఎవరు ఏమడిగినా ముందు వాళ్ళకో పని అప్పజెప్పేవాడు. ప్రశ్న ఆ పనిలో నానాలనేవాడు. కొందరు కోపం తెచ్చుకుని లేచిపోయేవారు, కొందరు ఉండిపోయేవారు.

ఆయన దగ్గర గురువారాలు పాఠం వినే భ్రమరాంబ, ముసురు పట్టిన ఓ మధ్యాహ్నం చంటిపిల్లను చంకనేసుకుని వచ్చింది. పిల్ల పేరు సుగుణ. ఏడాది నిండి చాన్నాళ్ళయినా అడుగు వెయ్యలేదు. "ఏం చేస్తే నా బిడ్డ నడుస్తుంది స్వామీ?" అని అడుగుతూనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

అసలు సంగతి ఇదీ. మన ఇళ్ళలో పసిపిల్లల ముచ్చట ప్రతిదానికీ ఒక పిండివంట ఉంది గదా. నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులకు అరిసెలు. ఆడపడుచు కూతురు ఏడాది నిండకుండానే నడిచేసింది. ఇక అత్తగారికి నిద్ర పట్టలేదు. అడుగులు పడ్డాక వండాల్సిన అరిసెలు ముందే వండించి, మంచిరోజు చూసి, చుట్టాలను పిలిచేసింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. పళ్ళెంలో అరిసెలు పరిచి, పిల్లను వాటి మీద నిలబెట్టారు. సుగుణ కొయ్యబారిపోయింది. నలుగురూ చూస్తున్నారన్న సిగ్గుతో భ్రమరాంబ ఆ చిన్న చెయ్యి పట్టుకుని ముందుకు లాగింది. పిల్ల దబ్బున పడింది. కాళ్ళలో ఏదో లోపం ఉందేమోనని వెనకనుంచి ఎవరో గొణిగారు. డాక్టరు చూసి కాళ్ళు నిక్షేపంగా ఉన్నాయన్నాడు. అయినా ఆ రోజునుంచీ పిల్లను నేల మీద నిలబెట్టబోతే చాలు, కాళ్ళు పైకి ముడుచుకుంటోంది.

"నడక మాట అటుంచండి స్వామీ. నేను చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంటోంది. కన్నతల్లిని నేను," అంది భ్రమరాంబ.

స్వామి పిల్ల వంక చూశాడు. "అడుగులకు అరిసెలు సరే. పడితే ఏం పంచుతారమ్మా మీ ఇంట్లో?"

"పడితే ఎవరైనా పంచుతారా స్వామీ?"

"పిల్లను మోసుకుని ఇంత దూరం నడిచొచ్చావు. ఆ చాప పరుచుకుని కాస్త నడుం వాల్చు. ఇవాళ్టికి అదే నీ పని."

గురువు ఎదుట పడుకోవడమేమిటని నసిగింది గానీ, మాట మీరలేక పిల్లను పక్కన దింపి ఒరిగింది. సరుగుడు కొమ్మల్లో గాలి సన్నగా జోల పాడుతోంది. వాన హోరేదో సముద్రం హోరేదో తెలియడం లేదు. వసారా, చాప, తన ఊపిరి, అన్నీ కలిసి నీళ్ళ మీద మెల్లగా తేలిపోతున్నట్టు ఉంది. రెప్పలు బరువెక్కాయి. కలలో ఎవరో తన భుజం పట్టుకుని పైకి లేస్తున్నారు. ఆ బరువు ఎంత హాయిగా ఉందో చెప్పలేం.

కళ్ళు తెరిస్తే అది కల కాదు. సుగుణ ఆమె భుజం ఆసరా చేసుకుని లేచి నిలబడింది. చెయ్యి మార్చి చెయ్యి వేసుకుంటూ, నడుం మీదుగా, మోకాళ్ళ మీదుగా, తల్లి పొడుగునా నడక సాగించింది. భ్రమరాంబ దిగ్గున లేవబోయింది. అరకళ్ళతో చూస్తున్న స్వామి వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. ఆమె ఊపిరి బిగబట్టి అలాగే ఉండిపోయింది.

పాదాల దాకా వచ్చేసరికి పట్టుకోవడానికి తల్లి ఒళ్ళు ఇంక మిగల్లేదు. సుగుణ చెయ్యి వదిలేసి ఒక్క అడుగు వేసి చతికిలబడింది. ఏడవలేదు. వెనక్కి తిరిగి, ఏడవాలో అక్కర్లేదో అక్కడే తేలుతుందన్నట్టు, అమ్మ మొహంలోకి చూసింది.

ఆ చూపు భ్రమరాంబ ఎరిగిందే. అరిసెల పళ్ళెంలో పడ్డనాడు కూడా పిల్ల ఇలాగే తనకేసి చూసింది. అప్పుడు తన మొహం ఎలా ఉండి ఉంటుందో ఇప్పుడు తట్టింది ఆమెకు. అయినా దుఃఖం దిగమింగుకుని, పడుకున్నచోటునుంచే నవ్వింది.

"పడ్డావా తల్లీ? ఏం ఫరవాలేదులే," అంది.

సుగుణ అరచేతులు నేలకానించి, పిర్రలు పైకెత్తి, లేచింది. జల్లు కొట్టే వసారా అంచుదాకా తూలుతూ పోయింది. మళ్ళీ పడింది, మళ్ళీ తల్లిని చూసింది, లేచింది. చూరునీళ్ళలో చేతులాడించి తిరిగొచ్చి, ఆ తడిచేతులతో అమ్మ చెయ్యి తనంతట తనే పట్టుకుంది. భ్రమరాంబ పిల్లను గుండెకదుముకుంది.

ముసురు వెలిసింది. బయల్దేరబోతూ ఆమె గడప దగ్గర ఆగింది. పాత బెంగ ఎక్కడికి పోతుంది?

"మా అత్తగారు మళ్ళీ మంచిరోజు పెట్టి అందరినీ పిలిస్తేనో స్వామీ?"

"పిలవనీ అమ్మా, పెద్దావిడ ముచ్చట," అన్నాడు స్వామి. "ఆ పూట నువ్వు మటుకు చుట్టాల వైపు చూడకు."