కొండలరాయుడికి ముట్టిన ఆరు కుండల తేనె

మల్లభూపతి మహారాజుకు ఆ ఏడు కొలతల పిచ్చి పట్టింది. అంతకు ముందు ఏడు పావురాల పిచ్చి. కొలతలే నయం, నెత్తిమీద రెట్టలు వెయ్యవు.

మీసం కొలిచాడు, సింహాసనం కొలిచాడు, పెద్దమంత్రి బొజ్జ కూడా కొలిచాడు. ఇంకేమీ మిగలక ఓ ఉదయం పానశాల మీద పడ్డాడు.

"చోళ్ల కల్లు కాయడంలో మొనగాడెవరో తేలాలి. పోటీకి దిగే ఇద్దరికీ చెరో గంప చోళ్లు ఇవ్వండి. గెలిచినవాడికి ఆరు కుండల తేనె!"

చోళ్లు, అంటే రాగులు, మొలకెత్తించి, ఎండబెట్టి, దంచి వేడినీళ్లలో నానేస్తే గింజలోని తీపంతా నీళ్లలోకి దిగుతుంది. ఆ తీపినీళ్లు వడగట్టి పులియబెడితే కల్లు. ఎంత తీపి దిగిందో చూడాలంటే కోడిగుడ్డు వేస్తారు. నీళ్లు చిక్కగా ఉంటే తేలుతుంది, పలచనైతే మునుగుతుంది.

పోటీలో ఒకడు పానశాల అధికారి కొండలరాయుడు. ఆయన చోళ్లను ముట్టుకున్నది పెళ్లిలో తలంబ్రాలు పోసినంత సేపు కూడా ఉండదు గానీ, మీసాలు మాత్రం తానే పండించినట్టు తిప్పుతాడు. రెండోవాడు గంగులు, పానశాలలో పొయ్యి దగ్గర పనివాడు.

ఇద్దరూ అవే చోళ్ల మీద మళ్లీ మళ్లీ వేడినీళ్లు పోసి ఆరేసి కుండలు వడగట్టారు. రాయుడు మొదట దిగిన కుండలో గుడ్డు వేశాడు. బ్రహ్మాండంగా తేలింది.

"చూశారా ప్రభూ! గంప చోళ్లకి గుడ్డు తేలే తీపి, ఆరు కుండలు!"

గంగులు తన ఆరు కుండలూ గంగాళంలో పోసి, బాగా కలిపి, అప్పుడు వేశాడు గుడ్డు. అది చక్కా అడుక్కి పోయి కూర్చుంది.

"చోళ్లు సగం ఇంటికి మోసుకుపోయాడు ప్రభూ! లేకపోతే ఇంత పలచనెలా అవుతుంది?" అని అరిచాడు రాయుడు.

"లేదు మారాజా! అంతా కలిపి చూస్తేనే గదా..."

"నోర్ముయ్!" అన్నాడు రాజు. "రేపు పొద్దు గూకేలోగా పెళ్లాంతో సహా పొలిమేర దాటిపో."

గంగులు పెళ్లానికి నెలలు నిండాయి. పొలిమేర అవతల అంతా అడవే. పాపం, వాడు అక్కడే కూలబడి ఏడ్చాడు.

ఇదంతా చూస్తున్న ఆస్థాన విదూషకుడు బుచ్చి సోమన్నకు ఒళ్లు మండిపోయింది. కానీ నేరుగా చెబితే రాజు తాను మోసపోయానని ఒప్పుకోవాలి. రాజులు అదొక్కటి తప్ప ఏదైనా ఒప్పుకుంటారు.

"ప్రభూ, ఆ తేనె పిండించే పని నాకు ఇప్పించండి," అన్నాడు వినయంగా.

మర్నాడు సభలో ఆరు కుండలు, మెడకు పూలదండలు, మూతికి పట్టుగుడ్డలు. రాయుడు కొత్త శాలువా కప్పుకుని వచ్చాడు. సోమన్న మొదటి కుండ విప్పి, గుడ్డు చేతికిచ్చాడు.

"మీ చేత్తోనే చూసుకోండి రాయుడుగారూ."

గుడ్డు తేనె మీద దర్జాగా తేలింది.

"భేష్! చిక్కటి తేనె!"

"అయితే ఆరు కుండలూ ముట్టినట్టేనా?"

"ముట్టినట్టే, ముట్టినట్టే!"

రాయుడి మనుషులు రెండో కుండ ఎత్తారు. లోపల గళగళమంది. తేనె ఎక్కడైనా గళగళమంటుందా? రాయుడు గబగబా గుడ్డ లాగాడు. రంగునీళ్లు! మూడోది ఇంకా పలచన. ఆరో దాంట్లో గుడ్డు వేస్తే బుడుంగుమని మునిగింది.

"ప్రభూ, అన్యాయం! ఇది తేనె కాదు, పిప్పి కడిగిన నీళ్లు!"

"అవును మరి," అన్నాడు సోమన్న. "తేనెపట్లు పిండితే మొదటి కుండ నిండింది. ఆ పిప్పి మీదే నీళ్లు పోసి, పిసికి పిసికి మిగతా అయిదూ నింపాను."

"ఎవడు నేర్పాడయ్యా నీకీ దిక్కుమాలిన కొలత?" అని ఎగిరిపడ్డాడు రాయుడు.

సోమన్న చేతులు కట్టుకున్నాడు.

"తమరే! చిక్కదనం మొదటి కుండలో చూడాలి, లెక్క ఆఖరి కుండ దాకా పెట్టాలి. ఇవి ఆరు కుండల తేనె కాకపోతే, నిన్నటి తమ ఆరు కుండల తీపీ కాదు. ఏదో ఒకటి తేల్చండి."

సభ మొత్తం రాయుడి నోటి వంకే చూస్తోంది.

"చెప్పు రాయుడూ," అన్నాడు రాజు, పెదవుల చివర నవ్వు ఆపుకుంటూ. "తేనేనా, నీళ్లా?"

"...నీళ్లే ప్రభూ."

రాజు పగలబడి నవ్వాడు. "గంగుల్ని వెనక్కి పిలవండి! ఇకమీదట పానశాల వాడిదే. ఆ మొదటి కుండ తేనె వాడి పెళ్లానికి పంపండి." అంటూనే తన మెడలోని ముత్యాలహారం తీసి సోమన్న మెడలో వేశాడు.

"మరి మిగతా అయిదు కుండలూ, ప్రభూ?" అనడిగాడు సోమన్న అమాయకంగా.

"రాయుడికి ముట్టాయన్నాడుగా! ఇక్కడే తాగి వెళ్లమను."

రాయుడు శాలువా నడుముకి బిగించి రెండో కుండ ఎత్తాడు. సభ గొల్లుమంది.