చిన్నదని వదిలేసిన పదం

ఎస్తేరు తన సిద్ధాంత గ్రంథంలో నాలుగో అధ్యాయాన్ని మూడుసార్లు రాసి మూడుసార్లూ చించేసింది. నాలుగోసారికి, ఏమీ చెప్పకుండా ఇరవై పేజీలు నింపడం ఎలాగో తెలిసింది. దాన్నే టైపు కొట్టించింది.

ఆమెది అనువర్తిత గణితం. కాలువ నీళ్ళతోపాటు వచ్చే ఒండ్రు ఎక్కడ ఎంత పేరుకుంటుందో లెక్కగట్టడం ఆమె పరిశోధన. ఆ లెక్కకి ఇంజనీర్లు వాడే సూత్రం ఒకటుంది. ముప్పై ఏళ్ళ కిందట దాన్ని సాధించింది సూరపరాజు మాస్టారు. ఎస్తేరుకి గురువు ఆయనే.

తప్పు ఆ సూత్రంలోనే ఉంది.

చూడ్డానికి పెద్ద తప్పేం కాదు. లెక్క మధ్యలో, సమీకరణంలోని ఒక పదాన్ని, మరీ చిన్నది కదా అని మాస్టారు వదిలేశారు. నీళ్ళు జోరుగా పారేచోట అది నిజంగా చిన్నదే. శివారు కాలువల్లో, నీళ్ళు నడుస్తున్నాయా నిలబడ్డాయా అన్నట్టుండేచోట మాత్రం అది చిన్నది కాదు. అక్కడ కథంతా దానిదే.

ఎస్తేరు తండ్రి నరసాపురం దగ్గర కాలువ లస్కరుగా, గట్లూ తూములూ చూసుకునే పని చేసేవాడు. సూత్రం ప్రకారం పూడిక చేరకూడని చోటే ఆయన ఏటా వేసవిలో మనుషుల్ని పెట్టి, తనూ మోకాలిలోతు బురదలో దిగి, పూడిక తీయించేవాడు. ఆమె అది చూస్తూ పెరిగింది. అందుకే అనుమానం వచ్చింది. ఆర్నెల్లు కూర్చుని లెక్క చేస్తే అనుమానం నిజమేనని తేలింది. అప్పట్నుంచీ అన్నం సయించడం మానేసింది.

ఇంకెవరి తప్పైనా అయితే ఆమె ఎగిరి గంతేసేది. ఇది మాస్టారిది. పై ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలు గలగలా ఇంగ్లీషు మాట్లాడుతుంటే వెనక బల్లలో నోరు విప్పకుండా కూర్చున్న తనని, ఒక్క జవాబు పత్రం చూసి పిలిపించుకున్న మనిషి. హాస్టల్లో టైఫాయిడ్‌తో పడి ఉంటే పదకొండు రోజులు ఇంటి నుంచి జావ పట్టుకొచ్చిన మనిషి. గిన్నె మూత తీసి, వేడి తగ్గిందో లేదో వేలితో చూసి మరీ ఇచ్చేవారు.

పైగా మాస్టారు జూన్‌లో రిటైరవుతున్నారు. సన్మానసభ పెడుతున్నారు. ఆ సూత్రం పేరుతోనే ఒక సంచిక తెస్తున్నారు.

ఎస్తేరు సంగతంతా తమ శాఖలో పాఠాలు చెప్పే రీడరు విశ్వపతిగారికి చెప్పుకుంది. ఆయన లెక్క మొత్తం రెండుసార్లు చూశారు. చివరికి, జూన్ దాటనియ్యమని, ఆ తర్వాత వ్యాసంగా వేసుకోవచ్చని, ఈ ఆఖరి రోజుల్లో మాస్టారి మనసు కష్టపెట్టొద్దని చెప్పారు. ఆయన కళ్ళలో కూడా నీళ్ళు తిరిగాయి. ఆయనా మాస్టారి శిష్యుడే.

అలా ఆ ఇరవై పేజీలు వచ్చాయి.

మాస్టారు మూడు రోజులు చదివారు. నాలుగో రోజు పిలిచారు. బల్ల మీద అయిదు అధ్యాయాలు ఒక దొంతరగా ఉన్నాయి. నాలుగోది విడిగా ఉంది.

"ఈ అయిదూ నువ్వు రాశావు" అన్నారు. "ఇదెవరు రాశారమ్మా?"

ఎస్తేరు నేల చూపులు చూస్తూ, నేనేనండీ అంది.

మాస్టారు మరి రెట్టించలేదు. లెక్క చేసిన చిత్తు కాగితాలేమైనా ఉన్నాయా అని అడిగారు. ఆమె అబద్ధం ఆడలేకపోయింది. సంచిలోంచి కట్ట తీసి ఇచ్చి, గుమ్మం దాటి బయటికొచ్చింది. అయిపోయింది అనుకుంది. ఏది అయిపోయిందో ఆమెకే తెలియదు.

మర్నాడు పదింటికి మాస్టారి ఎమ్మెస్సీ క్లాసు. ఎస్తేరుని రమ్మని కబురొచ్చింది. వెళ్ళేసరికి ఆ కాగితాల కట్ట ఆయన చంకలో ఉంది.

"పోయిన నెల నేను చెప్పిన సూత్రంలో తప్పుంది" అన్నారాయన పిల్లలతో, రేపు సెలవు అని చెప్పినంత మామూలుగా. "ఈవిడ పట్టుకుంది. ఈవిడే చెబుతుంది."

సుద్దముక్క ఆమె చేతిలో పెట్టి, వెళ్ళి మొదటి బల్లలో కూర్చున్నారు. ఇద్దరు కుర్రాళ్ళు గబగబా పక్కకి జరిగారు. ఆయన నోటుబుక్కు తెరిచి, కలం మూత తీసి, బోర్డు వంక చూశారు.

తర్వాత ముప్పై మూడేళ్ళు పాఠాలు చెప్పిన ఎస్తేరుకి అదే మొదటి పాఠం. సుద్దముక్క రెండుసార్లు విరిగింది. మొదటి మూడు మెట్లూ ఎలాగో రాసింది. ఆ పదం దగ్గరికొచ్చి ఆగింది.

"ఇక్కడ మాస్టారి ఉద్దేశం బహుశా..."

మొదటి బల్లలోంచి మాస్టారు చెయ్యెత్తి లేచి నిలబడ్డారు.

"ఉద్దేశం సంగతి వద్దండీ. ఆ పదం ఎందుకు చిన్నది కాదో చెప్పండి."

ఆయన ఆమెను అండీ అనడం అదే మొదలు. క్లాసులో ఒక్కరూ నవ్వలేదు. ఎస్తేరు ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. కొత్త సుద్దముక్క తీసుకుని, బోర్డు మీద కాలువ బొమ్మ వేసింది. తూము దగ్గర నీళ్ళు ఎలా దూకుతాయో, పది మైళ్ళు పోయేసరికి ఎలా నీరసిస్తాయో, అక్కడ ఒండ్రు అడుగున ఎలా కూర్చుంటుందో చెప్పింది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఎదురుగా ఉన్నదెవరో మరిచిపోయింది. మాస్టారు ఇంకో రెండు అనుమానాలు అడిగారు. రెండోది ఆయనకి నిజంగానే అర్థం కాలేదు. ఆమె చెరిపి మళ్ళీ చేసి చూపించింది.

గంట కొట్టాక పిల్లలు వెళ్ళిపోయారు. మాస్టారు లేచి బోర్డు తుడవబోతుంటే ఎస్తేరు డస్టరు లాక్కుంది. అప్పుడొచ్చింది ఏడుపు.

"ముప్పై ఏళ్ళుగా అది మీ పేరు మీద ఉంది మాస్టారూ."

"నీళ్ళకి నా పేరు తెలియదమ్మా" అన్నారాయన.

ఆమె ఏడుపు తగ్గి, విశ్వపతిగారు చెప్పిన మాట బయటపెట్టాక, ఆయనతో తాను మాట్లాడతానన్నారు. సంచికలో మొదటి వ్యాసం ఆమెదే ఉండాలన్నారు. మీ నాన్నగారికి ఈ సంగతి ఉత్తరం రాయి, ఆయన నాకంటే ముందే కనిపెట్టారు అన్నారు. ఆ మాటకి ఎస్తేరు కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది.

మాస్టారు తన నోటుబుక్కు ఆమె ముందుకు జరిపారు.

"సరిగ్గా ఎక్కించుకున్నానో లేదో కాస్త చూడు."

ఆమె అక్కడే బల్ల మీద కూర్చుని చదివింది. ఆయన దస్తూరీ ఇప్పుడు కొంచెం వంకరపోతోంది. రెండు పేజీలు బాగున్నాయి. మూడో పేజీ మధ్యలో ఒక రుణ సంకేతం, చిన్న మైనస్ గీత, జారిపోయింది. చూపు సరిగ్గా ఆనకపోవడం వల్ల జారిపోయిందో, కావాలనే వదిలారో తెలియదు. మాస్టారు కిటికీ వైపు తిరిగి, గాలికి కొట్టుకుంటున్న రెక్కకి గడియ పెడుతున్నారు. ఆమె తన కలంతో, ఆయన రాసిన నల్ల సిరాలోనే సన్నగా ఒక గీత పెడితే ఆయనకి తెలియను కూడా తెలియదు.

ఎస్తేరు సంచిలో వెతికి ఎర్ర పెన్సిలు తీసింది. ఆ చోట పెద్దగా సున్నా చుట్టి, పుస్తకం ఆయన వైపు తిప్పింది.

"ఇక్కడ తప్పు రాశారు మాస్టారూ."

మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని, వంగి, ఆ ఎర్ర సున్నా వంక చాలాసేపు చూశారు. తర్వాత ఆమె తల మీద చెయ్యి వేశారు.